తంగేడు, కసివింద: ఋతువులనుబట్టి గుర్తించు విధము

వికారాబాదు, తాండూరు ప్రాంతముల రైతులకు తంగేడును గూర్చి చెప్పుట తాతకు దగ్గులు నేర్పినట్లుండునని కొందరు తలపవచ్చును. అనంతగిరి కొండవాలులయందును, ఎఱ్ఱచెలకల గట్లయందును ఈ పొద తనంతట పెరుగును. 2014వ సంవత్సరమున తెలంగాణ ప్రభుత్వము దీని పూవును రాష్ట్రపుష్పముగా ప్రకటించినది. అయినను పూవు లేని దినములలో కసివిందను జూచి తంగేడని భ్రమపడువారు కలరు.

ఈ పొరపాటు స్వల్పమైనది కాదు. కసివింద గింజలు విషము. దాణాలో కలిసిన ఈ గింజలను తినిన పశువుల కండరములు చెడి, అవి లేవలేక పడిపోవును. పశ్చిమ ఉత్తరప్రదేశమున పిల్లలను బలిగొన్న యొక వ్యాధికి ఈ గింజలు తినుటతో సంబంధము కలదని వైద్యులు 2007లో తెలిపిరి. కావున భేదమును ఋతుక్రమముగా వివరింతుము.

తొలకరిలో ఆకులను లెక్కింపవలెను. తంగేడునకు ఒక్కొక్క ఈనెకు 8 మొదలు 12 జతల చిన్న ఆకులుండును; వాని కొనలు గుండ్రముగా నుండును. ఈనె మొదట చెవివంటి రెక్కలు కానవచ్చును. కసివిందకు 4, 5 జతలే. ఆకులు పెద్దవి, కొనలు సూదిగా నుండును. నలిపినచో దుర్వాసన కొట్టును.

బతుకమ్మ దినములలో రెండును పసుపుపచ్చగనే పూయును. తంగేడు కొమ్మల చివరలందు పెద్ద పూగుత్తులు నిండుగా విరియును. కసివింద పూలు కొలదిగా, ఆకుల మొదళ్లయందు పూయును.

శీతకాలమున కాయలే సాక్ష్యము. తంగేడు కాయ బద్దవలె చదునై, కాగితమువలె పలుచనై, లోని గింజల ఆకారము పైకి తెలియునట్లుండును. కసివింద కాయ దళసరియై, కొంచెము వంగి, అంచులు లేతరంగుగను నడుమ గోధుమరంగుగను నుండును. కందికోత కాలమున గట్లపై మేత కోయువారు దీనిని ముఖ్యముగా కనిపెట్టవలెను.

వేసవిలో కసివింద ఎండిపోవును. తంగేడు మాత్రము చేవగల కొమ్మలతో పచ్చగా నిలుచును.

కావున కసివిందను పూతకు ముందే వేళ్లతో పెఱికివేయవలెను. తంగేడును నరుకరాదు. దాని రొట్ట వరిమడికిని, చౌడు నేలకును మంచి యెరువు. దాని చెక్క తోళ్లు పదునుచేయుటకు పనికివచ్చును. సభ్యులు ఈ రెండు మొక్కలను ప్రక్కప్రక్కనుంచి తమ పిల్లలకును, పశువులకాపరులకును చూపవలెనని కోరుచున్నాము.