మీకు తెలుసా? నిజాంకు తుపాకులు ఆకాశంలోంచి దిగాయి!

1948లో భారత ప్రభుత్వం హైదరాబాద్ సంస్థానాన్ని నలువైపులా దిగ్బంధిస్తే, నిజాంకు దొంగచాటుగా ఆయుధాలు చేరవేసింది ఓ ఆస్ట్రేలియన్ పైలట్. పేరు సిడ్నీ కాటన్. అంతకు తొమ్మిదేళ్ల ముందు మామూలు ప్రయాణ విమానంలో కెమెరాలు దాచి జర్మనీని ఫొటోలు తీసిన ఘనుడు! బాంబర్ నమూనాను మార్చి చేసిన లాంకాస్ట్రియన్ విమానాలు కరాచీలో బయల్దేరి రాత్రిళ్లు బీదర్, వరంగల్‌లలో దిగేవి.

తుపాకులైతే వచ్చాయి. మరి ట్యాంకులకు, యుద్ధవిమానాలకు ఎదురు నిలిచేదెలా? సెప్టెంబరు 13న షోలాపూర్, బెజవాడ వైపుల నుంచి భారత సేనలు చొచ్చుకొచ్చాయి. నల్దుర్గ్ దగ్గర వంతెనను శత్రువు పేల్చేలోపే పట్టేశాయి. 17కల్లా నిజాం చేతులెత్తేశాడు.

నిజాంపై జనం పోరాడుతున్న ఆ రోజుల్లోనే నిజామాబాద్ ఖిల్లా జైల్లో కవి దాశరథి, రచయిత వట్టికోట ఆళ్వారుస్వామి ఖైదీలు. దాశరథి చేతిలో ఉన్నది బొగ్గుముక్క; దాంతోనే గోడల మీద నిజాంపై పద్యాలు రాశాడు.

ఇంతకీ నిజాంకు ఆయుధాలు మోసినందుకు కాటన్‌కు ఇంగ్లండ్‌లో పడిన శిక్ష? 200 పౌండ్ల జరిమానా!