గోదా దిగిన మల్లుని గొంతు

మల్లుని జీవితమున రెండు కాలములు గలవు. దేహము తన మాట వినెడి కాలమొకటి. తాను దేహము మాట వినవలసిన కాలము రెండవది. మొదటిది పదునేను, ఇరువది సంవత్సరములకు మించుట యరుదు. రెండవది మిగిలిన యాయుర్దాయమంతయు నుండును. గోదాలో నున్నంతవఱకు జేజేలు పలికిన జనము, గోదా దిగినవానిని త్వరలోనే మఱచును. ఓటమి నెఱుంగనివాడని లోకమెల్ల పేరుగాంచిన గామా పహిల్వాను 1960లో లాహోరులో మరణించునాటికి రోగముతోను, ధనము లేమితోను బాధపడుచుండెను. అంతటివానికే యట్టిగతి పట్టినప్పుడు సామాన్య మల్లుల మాట చెప్పనేల?

అమెరికా దేశమున వృత్తిమల్లులలో కొందఱికి వేఱొక త్రోవ దొరకినది. గోదా దిగినవాడు దాని ప్రక్కనే బల్లయొద్ద కూర్చుండి, జరుగుచున్న పోరును టెలివిజను ప్రేక్షకులకు వివరించి చెప్పును. వ్యాఖ్యాతయను పేర నిది యొక వృత్తియైనది. ఈ త్రోవను నడచినవారిలో జెస్సీ వెంచురా యనువాని చరిత్ర మిక్కిలి విచారింపదగినది. అతడు గొంతుతో కీర్తి సంపాదించుట యొక యెత్తు; ఆ గొంతునకు న్యాయమైన వెల యెంతయో న్యాయస్థానమున నిర్ణయింపజేసికొనుట యొక యెత్తు. ఈ రెండవ సంగతిని పాఠకుల దృష్టికి దెచ్చుటయే మా ముఖ్యోద్దేశము.

ముందుగా ఆ కుస్తీ యెట్టిదో చెప్పవలసి యున్నది. మన గోదాలలో ఇద్దఱు మల్లులు మట్టిలో దిగినప్పుడు ఎవని వీపు నేల నంటునో ఎవరును ముందుగా జెప్పజాలరు. అమెరికా వృత్తికుస్తీ యట్టిది కాదు. గెలుపోటములు ముందే నిర్ణయింపబడి యుండును. ఒకడు సాధువు, ఒకడు దుష్టుడు. వారి పగలు, మైత్రులు, ద్రోహములు నాటకమువలె నడచును. 1989లో ఆ దేశపు కుస్తీకంపెనీలలో నెల్ల పెద్దదైన వరల్డు రెజ్లింగు ఫెడరేషను వారే, తమది వినోదప్రదర్శనమే కాని నిజమైన పోటీ కాదని న్యూజెర్సీ రాష్ట్ర శాసనకర్తల యెదుట నొప్పుకొనిరి. క్రీడలపై నుండు ప్రభుత్వ తనిఖీలును పన్నులును తప్పించుకొనుట దాని యుద్దేశము. అయితే నిర్ణయము ముందే జరిగినంతమాత్రమున దెబ్బ తగులక మానదు. ఎత్తి పడవేయబడినవాని వెన్నెముక నిజమైనది, మోకాలు నిజమైనది, ఏడాదిలో వందలకొలది రాత్రులు ఊరూరు తిరిగి పడిన పాట్లు నిజమైనవి. ఈ సంగతిని మఱచి, అదంతయు బూటకమని నవ్వి త్రోసివేయువారు ఆ వృత్తిలోని శ్రమను గుర్తింపనివారు.

ఇట్టి నాటకమునకు వ్యాఖ్యాత యెంత యవసరమో మన పాఠకులు సులభముగా గ్రహింపగలరు. బుఱ్ఱకథలో కథకునికి రెండువైపుల ఇద్దఱు వంతలుందురు. ఒకడు హాస్యము చెప్పును, ఒకడు రాజకీయము చెప్పును. కథకుడు కథ నడుపుచుండగా హాస్యగాడు అడ్డుప్రశ్నలు వేయును, ఎగతాళి చేయును. ఆ యడ్డుప్రశ్నయే లేకున్నచో కథకు పట్టు చిక్కదు. కుస్తీ ప్రదర్శనమునను బల్లయొద్ద సామాన్యముగా ఇద్దఱు వ్యాఖ్యాతలుందురు. ఒకడు జరుగుచున్నది జరిగినట్లు చెప్పును. పట్టు పేరు, దాని ప్రమాదము, మల్లుని పూర్వచరిత్ర వివరించును. రెండవవాడు దానికి రంగు నద్దును, వాదించును, పక్షము వహించును. గోదాలోని మల్లులు నోరు విప్పి కథ చెప్పుటకు వ్యవధి యుండదు. వారి దేహములు వ్రాసిన కథను చదివి వినిపించువారు వీరే.

వెంచురా 1951లో మిన్నెసోటా రాష్ట్రమందలి మిన్నియాపొలిసు పట్టణమున జన్మించెను. తల్లిదండ్రులు పెట్టిన పేరు జేమ్సు జార్జి జానొసు. యౌవనమున అమెరికా నౌకాదళములో పనిచేసి, తరువాత 1975 ప్రాంతమున వృత్తికుస్తీలో ప్రవేశించెను. జుట్టునకు పసుపువన్నె రంగు, మెడలో ఈకల శాలువ, కన్నులకు రంగుటద్దములు, నోట పొగరుమాటలు. ఇది అతని వేషము. ప్రేక్షకులు తన్ను ద్వేషించుటకే డబ్బిచ్చి వచ్చుచున్నారని యతడెఱుగును. ఏడ్రియను ఎడోనిసు అనువానితో గూడి జంటమల్లుల విజేతపదవిని గూడ బడసెను. 1984లో, నాటి విజేతయైన హల్కు హోగనుతో పోరులు సాగుచున్న తరుణమున, అతని ఊపిరితిత్తులలో నెత్తురు గడ్డకట్టెను. వియత్నాము యుద్ధకాలమున తనకు సోకిన విషరసాయనమే దీనికి హేతువని యతని యభిప్రాయము. మఱి కొన్ని పోటీలలో దిగినను, 1986 నాటికి గోదా నతడు పూర్తిగా విడిచెను. అప్పటికతని వయస్సు ముప్పదియైదు.

గోదా చేజాఱినను గొంతు మిగిలినది. 1985 మార్చి 31వ తేదీన న్యూయార్కులోని మేడిసను స్క్వేరు గార్డెనులో మొదటి రెజిల్‌మేనియా జరిగినప్పుడు, బల్లయొద్ద గొరిల్లా మన్సూను ప్రక్కన కూర్చున్నవాడు వెంచురాయే. మన్సూనును గోదానుండి దిగినవాడే. అతడు సాధుమల్లుల పక్షమున ధర్మపన్నములు పలుకుచుండగా, వెంచురా నిస్సంకోచముగా దుష్టుల పక్షము వహించెడివాడు. తీర్పరి చూడని తప్పు తప్పే కాదని వాదించెడివాడు. ఎల్లరు పూజించు హోగను చేసిన యన్యాయమును మాత్రము వేలు పెట్టి చూపెడివాడు. వినగా వినగా ప్రేక్షకునికొక సందేహము గలిగెడిది: ఈ దుష్టుడు చెప్పునదియే నిజమేమో! నాయకుడు చేసిన తప్పు తప్పు కాదా? జనమంతయు నొకని పొగడునప్పుడు ఎదురుప్రశ్న వేయువాడొకడుండుట ఆటకైనను, నాటకమునకైనను ఆరోగ్యకరము.

ఇంతకంటె ముఖ్యమైన గుణమొకటి యతని మాటలలో నుండెను. చేయి విఱిచిపట్టినప్పుడు ఏ కీలున నొప్పి పుట్టునో, కోలుకొనుటకు ఎంత తడవు పట్టునో, పడువాడు ఎట్లు పడిన ప్రాణము దక్కునో అతనికి స్వానుభవమున తెలియును. పుస్తకము చదివి వైద్యము చెప్పువానికిని, రోగము పడి లేచినవానికిని గల భేదమిది. 1987లో మిషిగను రాష్ట్రమున పాంటియాకు క్రీడాగారమున జరిగిన మూడవ రెజిల్‌మేనియాకు 93,173 మంది వచ్చిరని కంపెనీవారు ప్రకటించిరి. హోగను, ఆండ్రి యను మహాకాయుని నెత్తి పడవేసిన యానాటి దృశ్యమునకు మన్సూను, వెంచురాల గొంతులే యిప్పటికిని తోడుగా నున్నవి.

ఇక నసలు విషయము. ఈ మల్లులు కంపెనీకి ఉద్యోగులు కారు. కాంట్రాక్టులలో వారిని స్వతంత్ర కాంట్రాక్టుదారులని వ్రాసికొందురు. పేరు స్వతంత్రము, కాని ఎక్కడ, ఎవనితో, ఏనాడు పోరవలెనో, ఎవడు గెలువవలెనో నిర్ణయించునది కంపెనీయే. ఎముక విఱిగినచో పనిలేదు, పని లేనిచో కూలి లేదు. ముదిమికి ఫించను లేదు. సినిమా నటులకు అమెరికాలో 1933లోనే సంఘమేర్పడినది. మల్లులకు నేటివఱకు లేదు. 1986 ఏప్రిలులో రెండవ రెజిల్‌మేనియా జరుగుటకు ముందు వెంచురా తోడిమల్లులను గూర్చి, మనమందఱము నొక్కటై సంఘము పెట్టుకొందమని బోధించెను. పెద్ద ప్రదర్శనము దగ్గఱపడినప్పుడే యజమాని మాట వినునని యతని యాలోచన. త్వరలోనే కంపెనీ యధిపతియైన విన్సు మెక్మహాను తనకు ఫోను చేసి మందలించెనని యతడు చెప్పియున్నాడు. సంఘము పుట్టకమునుపే గిట్టినది. ఆ మాటను యజమాని చెవిని వేసినది హోగనే యని, తరువాతి దావాలో మెక్మహాను ప్రమాణముచేసి యిచ్చిన వాఙ్మూలమువలన తనకు దెలిసినదని వెంచురా పలుమాఱు వక్కాణించెను. అందఱికంటె నెక్కువ కూలి బొందువానికి సంఘముతో పనియేమి? అందఱిని ఒక్కటి చేయబూనిన ప్రతి యుద్యమమునకును ఈ చిక్కు తప్పదు.

అతడు కంపెనీని 1990లో విడిచెను. ఆ కంపెనీ పోరుల వీడియోటేపులను లక్షలకొలదిగా నమ్ముచుండెను. వానిలో వెంచురా గొంతు వినబడుచుండెను. ప్రదర్శనము నాటి కూలి ముట్టినది గాని, టేపుల యమ్మకముపై వాటా ముట్టలేదు. టేపులో ముఖ్యపాత్ర వహించినవారికి తప్ప ఇతరులకు వాటా నిచ్చుట తమ పద్ధతి కాదని కంపెనీవారు అతని ప్రతినిధితో జెప్పియుండిరి. ఆ మాట నిజము కాదని తేలినది. 1991లో వెంచురా మిన్నెసోటాలో దావా వేసెను. 1994లో అతనికి 8,09,958 డాలర్లు చెల్లవలెనని తీర్పు వచ్చినది. 1995లో అప్పీలు న్యాయస్థానమును దానిని స్థిరపఱచెను. సత్యమును దాచి కుదుర్చుకొన్న యొడంబడిక నిలువదనియు, ఒకని పనివలన లాభము బొందినవాడు దానికి తగిన వెల నిచ్చి తీఱవలెననియు ఆ తీర్పు సారాంశము. ఆ తరువాత కొన్ని టేపులనుండి కంపెనీవారు అతని గొంతును తీసివేసి వేఱొకరి గొంతును జేర్చిరి. వెల యీయవలసివచ్చిన పిదప గాని ఆ వస్తువునకు వెల గలదని వారికి దోచలేదు కాబోలు!

కంపెనీ పక్షమున జెప్పదగినది లేకపోలేదు. పెట్టుబడి వారిది, రంగస్థలము వారిది, ఊరూరి కుస్తీని దేశమెల్ల చూచు ప్రదర్శనముగా మార్చిన సాహసము వారిది. వెంచురాను కోట్లమంది యెఱుగుట వారి టెలివిజను మూలముననే. ఇది నిజమే. కాని కౌలుదారుడు దున్నిన పొలము భూస్వామిదే యైనను, పంటలో కౌలుదారునికి పాలు లేదని ఏ ధర్మశాస్త్రమును జెప్పదు. అందును, పాత పంటలవలె గాక ఈ పంట ఒకసారి విత్తిన నేటేట కోతకు వచ్చునది. ఒక రాత్రి పలికిన పలుకు టేపులోను, పలకలోను, నేడు అంతర్జాలమునను మరల మరల అమ్ముడుపోవుచునే యున్నది. ఒకనాటి కూలితో దాని ఋణము తీఱినదనుట న్యాయము కాదు. మన దేశమునను 2012లో కాపీరైటు చట్టమును సవరించి, పాటలు వ్రాసినవారికిని, స్వరపఱచినవారికిని, పాడినవారికిని రాయల్టీలో హక్కు కల్పించుటకు ఈ న్యాయమే మూలము. తెలుగు సినిమా పాటను రేడియోలో వినుచు పెరిగిన మనకు ఇది దూరదేశపు ముచ్చట కానేరదు.

వెంచురా తరువాతి చరిత్ర పలువు రెఱిగినదే. 1991 మొదలు 1995 వఱకు మిన్నెసోటాలోని బ్రూక్లిన్ పార్కు పట్టణమునకు మేయరుగా నుండెను. 1998 నవంబరులో రెండు పెద్ద పార్టీల యభ్యర్థులను ఓడించి, రిఫారము పార్టీ పక్షమున మిన్నెసోటా గవర్నరుగా నెన్నికయ్యెను. సూటిగా మాటాడుట, ఎదురుప్రశ్న వేయుట, వినువాని నవ్వించి యాలోచింపజేయుట బల్లయొద్ద నలవడిన విద్యలే. అతని నడతయంతయు మెచ్చదగినదని మేము చెప్పము. గవర్నరు పదవిలో నుండియే 2001లో నొక ఫుట్‌బాలు కూటమికి వ్యాఖ్యాతగా కూలికి కుదిరెను. ప్రజలిచ్చిన పదవికిని, కంపెనీ యిచ్చు కూలికిని నడుమ గీటు గీయవలెనని నాడు పలువురు విమర్శించుట సమంజసమే. తన గొంతు వెల యెఱిగినవాడు, తన పదవి వెలను గూడ అంతగా నెఱుగవలసి యుండెను.

అయినను 1986లో తోడివారికొఱకు అతడాడిన మాట వృథా కాదని మా తలంపు. సంఘము రాలేదు, కాని ఒంటరిగా వేసిన దావాలో నొక సూత్రము నిలిచినది. 2004లో ఆ కంపెనీయే అతనిని తన కీర్తిమందిరమున జేర్చుకొన్నది. 2024 డిసెంబరులో, డెబ్బది మూడవయేట, అతనిని మరల వ్యాఖ్యాత బల్లయొద్దకు బిలిచినది. నాటి విజేతయైన హోగను 2025 జూలైలో మరణించెను. వారిద్దఱి నడుమ గలిగిన తగవు ఎట్లున్నను, అది లేవనెత్తిన ప్రశ్న మాత్రము తీఱలేదు. నేటికిని ఆ గోదాలోని మల్లులు స్వతంత్ర కాంట్రాక్టుదారులే. నేటికిని వారికి సంఘము లేదు.

వ్యాఖ్యాత బల్లయొద్ద ఇద్దఱికో ముగ్గుఱికో చోటుండును. గోదా దిగువారు వందలమంది. గొంతు గలవాడు బ్రతికిపోవును. గొంతు లేని మల్లుని గతి యేమి? ఒకరి యదృష్టమును జూపి తక్కినవారి నోదార్చుట తగదు. ఆటను జూచి యానందించువారమెల్లరము, ఆడినవాని ముదిమికి ఎవరు పూచీయని యడుగవలెను. ఆ ప్రశ్న మన పల్లెల గోదాలకును, మన కబడ్డీ బరులకును, మన నాటకశాలలకును వర్తించునదే. దేహము నమ్ముకొని బ్రతుకువానికి దేహము సడలినప్పుడు ఆధారముండవలెనన్నది జాలిమాట కాదు, బాకీమాట. బాకీని అడుగుటకు సిగ్గుపడనివాడు వెంచురా. తీర్చుటకు మనము సిగ్గుపడరాదు.