వెబ్ పేజీ వేగానికి ఫొటో బరువు, సర్వరు దూరం

సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్నచోట ఫోనులో వెబ్ పేజీ తెరిస్తే అక్షరాలు ముందు వస్తాయి, ఫొటో ఉండాల్సిన చోట తెల్లటి ఖాళీ మిగులుతుంది. నెట్‌వర్క్‌ను తిట్టుకుంటాం కానీ, చాలాసార్లు తప్పు ఆ ఫొటోదే.

12 మెగాపిక్సెళ్ల కెమెరాతో తీసిన ఫొటోలో అడ్డంగా 4000, నిలువుగా 3000 చుక్కలు ఉంటాయి. ఫైలు 4 మెగాబైట్లు అనుకుందాం. సెకనుకు 2 మెగాబిట్ల వేగంతో అది దిగడానికి 16 సెకన్లు పడుతుంది. చూసే ఫోను తెర వెడల్పేమో 1080 చుక్కలే! ఫొటోను ఆ కొలతకు తగ్గిస్తే చుక్కలు దాదాపు 14వ వంతుకు పడిపోతాయి, తెర మీద తేడా కనిపించదు. అయినా కెమెరా ఫైలును ఉన్నది ఉన్నట్టు వెబ్‌సైటులో పెట్టేసే అలవాటు ఇంకా పోలేదు.

కొలత తర్వాత కుదింపు. మన కన్ను వెలుగునీడల తేడాను పట్టినంత చురుగ్గా రంగుల తేడాను పట్టలేదు. 1992లో ప్రమాణంగా వచ్చిన జేపెగ్ పద్ధతి ఈ బలహీనతనే వాడుకుంటుంది. రంగుల సమాచారాన్ని పలచన చేసి, చిత్రాన్ని 8 చుక్కల వెడల్పు, 8 చుక్కల ఎత్తున్న గళ్లుగా విడదీసి, కంటికి ఆనని సూక్ష్మ వివరాలను వదిలేస్తుంది. మరీ కుదిస్తే ఆ గళ్లే బయటపడతాయి. పదిచేతులు మారి వచ్చిన వాట్సాప్ ఫొటోల్లో కనిపించేవి అవే. 2010లో గూగుల్ తెచ్చిన వెబ్‌పీ, ఆ తర్వాత వచ్చిన ఏవీఐఎఫ్ సాధారణంగా అదే నాణ్యతను ఇంకా చిన్న ఫైలులో ఇముడ్చుతాయి.

ఫొటో తేలికైనా దూరం తగ్గదు. ఆప్టికల్ ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. హైదరాబాద్ నుంచి అమెరికా తూర్పు తీరం సూటిగా కొలిచినా దాదాపు 13 వేల కిలోమీటర్లు. అంటే ఒక్కసారి వెళ్లి రావడానికి కనీసం 0.13 సెకను. కనెక్షన్ కలవడానికి ఒకసారి, భద్రతా తాళాలు సరిచూసుకోవడానికి ఒకసారి, పేజీని అడగడానికి ఒకసారి వెళ్లి రావాలి. సర్వరు ఎంత శక్తిమంతమైనదైనా ఈ 0.4 సెకను తప్పదు.

అందుకే కంటెంట్ డెలివరీ నెట్‌వర్క్‌లు పుట్టాయి. ఫైళ్ల నకళ్లను అనేక నగరాల్లో ఉంచి, పాఠకుడికి దగ్గరి సర్వరు నుంచే అందిస్తాయి. అమెరికాలోని ఎంఐటీలో టామ్ లైటన్, డేనియల్ లెవిన్ ఈ సమస్య మీద చేసిన గణిత పరిశోధన నుంచే 1998లో అకామై సంస్థ వచ్చింది.

నకలుతో ఒక చిక్కుంది. అసలు ఫొటో మారినా, గడువు తీరేదాకా దగ్గరి సర్వరు పాతదాన్నే పంపుతూ ఉంటుంది. అందుకని ఫొటో మార్చినప్పుడల్లా ఫైలు పేరు కూడా మారుస్తారు. కొత్త పేరుతో నకలు తన దగ్గర లేదు కనుక, ఆ సర్వరు అసలు చోటికే వెళ్లి తెచ్చుకుంటుంది.