మత్తు సాకు కాదు, సమ్మతీ కాదు

ఉపకార వేతనాల పత్రికలో ఇటువంటి విషయం ఎందుకని కొందరు పెద్దలకు అనిపించవచ్చు. మార్కులు, ఫీజులు, దరఖాస్తు గడువులు రాసుకునే పుటల్లో మద్యం, మానభంగం అన్న మాటలు చదవడం ఇబ్బందే. అయినా రాయవలసి వస్తున్నది. మన ఆంబూరు, గుడియాత్తం ప్రాంతపు తెలుగు కుటుంబాలలో ఆడపిల్ల చదువు మధ్యలో ఆగిపోవడానికి డబ్బు ఒక్కటే కారణం కాదు. దారిలోనో, కళాశాలలోనో ఏదైనా జరిగిందని తెలిస్తే మొదట ఆగేది ఆ అమ్మాయి చదువే. ఆ భయంతో ఇంట్లో చెప్పకుండా దాచుకునేవారూ ఉన్నారు.

2022 మార్చిలో మన వేలూరులో జరిగినది చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఒక యువ వైద్యురాలు, ఆమెతో పనిచేసే మిత్రుడు కాట్పాడిలో రాత్రి ఆట సినిమా చూసి షేర్ ఆటో ఎక్కారు. అందులో ఉన్నవారు ప్రయాణికులనుకున్నారు. వాళ్ళు ఇద్దరినీ పాలారు ఒడ్డుకు తీసుకుపోయి, ఆమెపై సామూహిక అత్యాచారం చేసి, డబ్బు, నగలు దోచుకున్నారు. తరువాత ఆ ముఠాలోని వారే తాగిన మైకంలో డబ్బు పంపకం గురించి గొడవపడి సత్తువాచ్చారిలో పోలీసులకు చిక్కారు. బాధితురాలు ఈమెయిల్ ద్వారా ఫిర్యాదు పంపింది. 2025 జనవరిలో వేలూరు కోర్టు నలుగురికి 20 ఏళ్ళ జైలు శిక్ష వేసింది. ఇంత జరిగినా "ఆ వేళప్పుడు సినిమాకు ఎందుకు పోయింది?" అని అడిగేవారు మనలో ఉన్నారు. మద్యం ప్రసక్తి వస్తే ఈ తిరగేసిన లెక్క మరీ విచిత్రంగా ఉంటుంది. మగవాడు తాగి ఉంటే "పాపం, మత్తులో చేశాడు" అంటాము. అమ్మాయి ఒక గుక్క తాగినా "తనే తెచ్చుకుంది" అంటాము. ఒకే సీసా ఒకరికి సాకు, ఇంకొకరికి నేరం!

చట్టం లెక్క ఇలా లేదు. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 63వ సెక్షన్ ప్రకారం, మత్తు వల్ల జరుగుతున్నదేమిటో, దాని పర్యవసానమేమిటో గ్రహించలేని స్థితిలో ఉన్న స్త్రీ ఒప్పుకున్నా అది సమ్మతి కాదు. ఆ మత్తు పదార్థం ఎవరో ఇచ్చినదైనా, ఆమె స్వయంగా తాగినదైనా ఇదే సూత్రం. పాత శిక్షాస్మృతిలోనూ ఇదే ఉండేది. ఇక 18 ఏళ్ళు నిండని అమ్మాయి సమ్మతికి విలువే లేదు. ప్లస్ టూ ముగించి కళాశాలలో చేరేవారిలో 17 ఏళ్ళవారు ఉంటారని అబ్బాయిలు గుర్తుంచుకోవాలి. మరోవైపు, తనంతట తాను తాగినవాడికి మత్తు రక్షణ కాదు. తెలియకుండానో బలవంతంగానో తాగించబడినవాడికే చట్టం ఆ వెసులుబాటు ఇస్తుంది.

"ఆమె నడుస్తూనే ఉంది, మాట్లాడుతూనే ఉంది కదా" అని వాదించేవారి కోసం ఒక శరీరశాస్త్ర విషయం. మద్యం త్వరత్వరగా ఎక్కువైనప్పుడు మెదడు కొత్త జ్ఞాపకాలను నమోదు చేయడం ఆపివేస్తుంది. మనిషి నడవగలడు, నవ్వగలడు, ఫోన్ కూడా చేయగలడు, మరునాడు ఏదీ గుర్తుండదు. కాబట్టి అమ్మాయి "నాకు మధ్యలో గుర్తులేదు" అంటే అబద్ధమాడుతున్నదని అర్థం కాదు. ఒకే బరువున్న మగవాడితో పోల్చితే స్త్రీ శరీరంలో నీటి పాలు తక్కువ గనుక అదే మోతాదుకు రక్తంలో మద్యం ఎక్కువ చేరుతుంది. కూల్‌డ్రింక్‌లో మత్తు మాత్ర కలిపే కథలు సినిమాలలో చూస్తాము, అలాంటివి నిజంగానూ జరుగుతాయి. అయితే ఇటువంటి నేరాలలో అన్నిటికన్నా ఎక్కువగా వాడే మత్తు పదార్థం మామూలు మద్యమే.

అబ్బాయిల తల్లిదండ్రులు ఇక్కడితో పుట తిప్పేయవద్దు. తమిళనాడులో 21 ఏళ్ళు నిండనివారికి మద్యం అమ్మరాదు. అయినా హాస్టల్ గదికి, పుట్టినరోజు విందుకు సీసా ఎలా వస్తుందో మన కొడుకులకు తెలుసు. ఆ గదిలో ఒకడు హద్దు మీరుతున్నప్పుడు మిగిలినవారు ఏం చేశారన్నదే అసలు ప్రశ్న. 2015 జనవరిలో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో, స్పృహలేని యువతిపై లైంగిక దాడి చేస్తున్న విద్యార్థిని సైకిళ్ళపై వెళ్తున్న ఇద్దరు పరదేశీ విద్యార్థులు చూశారు. ఆగారు, అడిగారు, పారిపోతుంటే పట్టుకున్నారు. ఆమె వారికి ఎవరో తెలియదు. స్పృహ తప్పినవారిని ఒంటరిగా వదలక, పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయడం కూడా ఇటువంటి పనే.

జరగరానిది జరిగితే ఇంట్లో మొదటి మాట "నువ్వు తాగావా?" అని కాకూడదు. "ఇప్పుడు ఎలా ఉన్నావు?" అని అడగండి. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. ప్రభుత్వ ఆసుపత్రి అయినా, ప్రైవేటు అయినా ఉచితంగా చికిత్స చేసి తీరాలి. స్నానం చేయకుండా, బట్టలు ఉతకకుండా వెళ్తే మంచిది, చేసేసినా సరే వెళ్ళాలి. మత్తు పదార్థం ఆనవాళ్ళు కొన్ని గంటలలోనే పోతాయి గనుక రక్తం, మూత్రం పరీక్ష అడగాలి. గర్భం రాకుండా, హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందులు 72 గంటల లోపే మొదలుపెట్టాలి. ఏ పోలీసు స్టేషనులోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు, సంఘటన వేరే ఊరిలో జరిగిందని తిప్పి పంపరాదు. ఆమె పేరు బయటపెట్టడం నేరం. సహాయానికి 181, అత్యవసరానికి 112.

కళాశాలలో అయితే అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి. 3 నెలల లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి, కమిటీ 90 రోజులలో విచారణ ముగించాలి. ఈ విషయంలో యూజీసీ 2015లో తెచ్చిన నిబంధనలలో చాలామందికి తెలియని ఒక వసతి ఉంది. ఫిర్యాదు చేసిన విద్యార్థినికి హక్కులేవీ పోకుండా 3 నెలల వరకు సెలవు ఇవ్వవచ్చు. అంటే హాజరు తగ్గిందని చదువు మానుకోనక్కర లేదు.

ఈ సందర్భంలో మన ట్రస్టు పెద్దలకు ఒక మనవి. రెన్యువల్ దరఖాస్తులో హాజరు తగ్గితే కారణం రాయమంటున్నాము. అమ్మాయి అక్కడ "వ్యక్తిగతం" అని ఒక్క మాట రాస్తే అంతటితో ఊరుకుందాము, ఇంటికి వెళ్ళి ఆరా తీయవద్దు.