యూరియా బస్తాలో దాగిన ఇంధనం

ఇంధన వాడకం, కాలుష్యం అనగానే మనకు థర్మల్ కేంద్రాలు, వాహనాలు గుర్తుకొస్తాయి. కానీ ప్రపంచం వాడే ఇంధనంలో దాదాపు 2 శాతం ఒక్క అమ్మోనియా తయారీకే ఖర్చవుతోంది. అందులో ఎక్కువ భాగం నత్రజని ఎరువులకే పోతుంది. అంటే మన పొలంలో చల్లే యూరియాకూ ఈ లెక్కలో వాటా ఉంది.

యూరియా ఎలా తయారవుతుంది?

గాలిలో 78 శాతం నత్రజని ఉన్నా పైరు నేరుగా తీసుకోలేదు. సహజ వాయువు నుంచి హైడ్రోజన్ తీసి, అధిక వేడి, ఒత్తిడిలో నత్రజనితో కలిపితే అమ్మోనియా వస్తుంది. దాని నుంచి యూరియా తయారవుతుంది. రామగుండంలో బొగ్గుతో నడిచిన పాత కర్మాగారం 1999లో మూతపడింది. 2021లో ఉత్పత్తి మొదలైన కొత్త కర్మాగారం సహజ వాయువుతో నడుస్తోంది. 45 కిలోల బస్తా తయారీకి పట్టే శక్తి 25 లీటర్ల డీజిల్‌లో ఉండే శక్తికి పైమాటే.

మన దేశం వాడే గ్యాస్‌లో దాదాపు సగం దిగుమతే. కొంత యూరియా కూడా బయటి నుంచే వస్తుంది. ఉక్రెయిన్ యుద్ధం తర్వాత 2022 ఏప్రిల్‌లో అంతర్జాతీయ మార్కెట్‌లో టన్ను యూరియా 900 డాలర్లు దాటింది. రైతుకు మాత్రం బస్తా రూ.266.50కే అందింది. మిగతా భారం సబ్సిడీపై పడింది. ఓడలు ఆలస్యమైతే సీజన్‌లో బస్తా దొరకడమే కష్టమవుతుంది.

పొలంలో నష్టం

మాగాణి వరిలో వేసిన నత్రజనిలో సాధారణంగా సగంలోపే పైరుకు అందుతుంది. మిగిలినది గాలిలోకి, నీటిలోకి పోతుంది. అందులో కొంత నైట్రస్ ఆక్సైడ్‌గా మారుతుంది. భూమిని వేడెక్కించడంలో ఇది బొగ్గుపులుసు వాయువు కంటే సుమారు 270 రెట్లు శక్తివంతమైనది. మోతాదు మించితే దోమపోటు, తెగుళ్లు పెరుగుతాయి, పైరు పడిపోతుంది.

రైతులు పాటించవలసినవి

• భూసార పరీక్ష ఫలితాన్ని బట్టి మోతాదు నిర్ణయించుకోవాలి.
• వరిలో నత్రజనిని మూడు భాగాలు చేసి దమ్ములో, దుబ్బు చేసే దశలో, అంకురం దశలో వేయాలి.
• పైపాటుగా వేసేటప్పుడు నీరు తీసి, బురద పదునులో చల్లి, 36-48 గంటల తర్వాత పలుచగా నీరు పెట్టాలి.
• ఆకు రంగు చార్టుతో పోల్చి, ఆకు లేతబారితేనే పైపాటు యూరియా వేయాలి.
• జీలుగ, జనుము లేదా పిల్లిపెసర వేసి పూత దశలో కలియదున్నితే తర్వాతి పైరుకు యూరియా కొంత తగ్గించుకోవచ్చు.