బూజు మెదడు దాకా వెళితే

షుగరున్న మనిషి. జ్వరం తగ్గి వారమైంది. ఒక పక్క చెంప మొద్దుబారింది, ముక్కు చీదితే నల్లటి చెక్కు వచ్చింది. మా కోటవురట్ల లాంటి ఊళ్లో ఎవరికైనా ఇలా జరిగితే పంటి నొప్పో, పడిశమో అనుకుని మాత్ర వేసుకుని రెండు రోజులు చూస్తారు. అలా చూసే వ్యవధి ఈ జబ్బు ఇవ్వదు. 2021 వేసవిలో కోవిడ్ రెండో విడతలో బ్లాక్ ఫంగస్ పేరుతో మనల్ని వణికించిన మ్యూకర్‌మైకోసిస్ ఇదే. ఆ జూలై నాటికే దేశంలో 45 వేలకు పైగా కేసులు లెక్కకొచ్చాయి. మన రాష్ట్రంలో దాన్ని ఆరోగ్యశ్రీలో చేర్చారు.

నిజానికి ఈ బూజు నల్లగా ఉండదు. ఇది రక్తనాళాల గోడల్లోకి చొరబడి, లోపల నెత్తురు గడ్డకట్టేలా చేస్తుంది. నెత్తురు అందక చచ్చిన కండ నల్లబడుతుంది. ముక్కు పక్క గాలిగదుల నుంచి కంటిగుంటలోకి, అక్కడి నుంచి మెదడులోకి పాకుతుంది. ఒంట్లో షుగర్ అదుపు తప్పినా, స్టెరాయిడ్ మోతాదు మించినా దీనికి దారి సులువవుతుంది.

తామరకు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే ఫ్లుకనజోల్ దీని మీద పనిచేయదు. అంతకంటే గట్టిదైన వొరికనజోల్ కూడా పనిచేయదు. ఈ మొండితనం మ్యూకర్‌కు పుట్టుకతోనే ఉంది. కొన్ని బూజులు మాత్రం తర్వాత మొండికేస్తాయి. వరిపొలంలో తెగుళ్లకు కొట్టే టెబుకొనజోల్, ఆస్పత్రిలో వాడే వొరికనజోల్ ఒకే కుటుంబం మందులు. పొలంలో ఆ మందుకు అలవాటుపడ్డ ఆస్పర్‌జిల్లస్ బూజు మనిషి ఊపిరితిత్తుల్లోకి చేరితే వైద్యుడి మందుకూ లొంగకపోవచ్చు. అలాంటి మొండి ఆస్పర్‌జిల్లస్ మన దేశపు నేలలో ఉందని ఢిల్లీ శాస్త్రవేత్తలు 2012లోనే చూపించారు.

మ్యూకర్‌కు మిగిలిన పెద్ద మందు ఆంఫోటెరిసిన్-బి. వెనిజులా మట్టిలో దొరికిన ఒక సూక్ష్మజీవి నుంచి 1950లలో తీశారు. బూజు కణం పొరలో ఉండే ఎర్గోస్టెరాల్‌ను పట్టుకుని ఆ పొరకు చిల్లులు పెడుతుంది. మామూలు రకం కిడ్నీలను బాగా దెబ్బతీస్తుంది. కొవ్వు బుడగల్లో పొదిగిన లైపోసోమల్ రకం కొంత నయం. ఒక్కో వయల్‌లో 50 మిల్లీగ్రాముల పసుపు పొడి. నర్సు అందులో స్టెరైల్ వాటర్ పోసి బాగా కుదిపి, ఫిల్టర్ గుండా గ్లూకోజు సీసాలోకి ఎక్కిస్తుంది. సెలైన్ తగిలితే మందు విరిగిపోతుంది. అందుకే షుగర్ రోగికైనా గ్లూకోజులోనే కలపాలి, ఇన్సులిన్ దానికి తగ్గట్టు సర్దాలి. కిలోకు 5 మిల్లీగ్రాముల లెక్కన 60 కిలోల మనిషికి రోజుకు 6 వయల్స్. మెదడుకు పాకితే 10 మిల్లీగ్రాముల దాకా, అంటే 12 వయల్స్. ఇలా వారాల తరబడి. 2021లో ఈ వయల్స్ కోసం కుటుంబాలు ఎంత తిరిగాయో తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. మందు ఎక్కుతున్నన్నాళ్లూ పొటాషియం పడిపోతుంటుంది, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరగవచ్చు. రెండూ తరచూ చూడాలి.

అయితే నెత్తురు పారని చోటికి నెత్తురులో ఎక్కించిన మందు ఎలా చేరుతుంది? అందుకే కత్తి పట్టాలి. సర్జన్ ముక్కులోంచి ఎండోస్కోపు పంపి చచ్చిన కండను గీకుతూ వెళ్లి, తాజా నెత్తురు చిమ్మిన చోట ఆగుతాడు. ఒక్కోసారి కన్ను తీసేయాలి. దానికి ఒప్పుకుంటూ సంతకం పెట్టే కొడుకు చేతిని చూసినవాళ్లకు ఈ జబ్బు గురించి వేరే చెప్పక్కర్లేదు.

కాబట్టి చెంప మొద్దుబారినా, చూపు రెండుగా కనిపించినా, కనురెప్ప వాలినా ఊళ్లో ఆగకూడదు. అదే రోజు నర్సీపట్నం ఏరియా ఆస్పత్రికో, విశాఖ కేజీహెచ్‌కో బయల్దేరాలి. ముక్కులోంచి తీసిన ముక్కను పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్కలో మైక్రోస్కోపు కింద పెడితే వెడల్పాటి రిబ్బన్లలాంటి బూజు పోగులు కొద్ది గంటల్లోనే కనిపిస్తాయి. కల్చర్ కోసం కాచుకోకుండా మందు మొదలుపెట్టవచ్చు.

ఇంటికి పంపాక కూడా పోసకొనజోల్ మాత్రలు నెలల తరబడి వేసుకోవాలి. చెంప బాగుపడిందని మధ్యలో మానేస్తే, ఎముకలో మిగిలిన బూజు మళ్లీ లేవవచ్చు. అది లేచిందో లేదో చూసే ఎమ్మారై స్కాన్ తేదీ డిశ్చార్జి చీటీ మీద రాసి ఉంటుంది. ఆ రోజుకు మళ్లీ విశాఖ బస్సెక్కాలి.