గొలుసుకట్టు లెక్కలు: రౌటరుల సొంత భాష

పూర్వము మన గ్రామములలో కరణము వ్రాసిన లెక్కను కరణమే చదువవలసియుండెను. గొలుసుకట్టు వ్రాతలో అక్షరములు ఒకదానితో నొకటి పెనవేసికొని చదువుకొన్న రైతునకు సైతము కొఱుకుడు పడకుండెడివి. భూమి రైతుది, శిస్తు రైతుది. దాని వ్రాత మాత్రము మఱియొకనిది. 1984లో ఎన్. టి. రామారావు ప్రభుత్వము ఆంధ్రప్రదేశమున పారంపర్య కరణీకమును రద్దు గావించినది. కాని ఆ పాత చిక్కు వేరొక రూపమున కార్యాలయములలోను, కళాశాలలలోను, బ్యాంకులలోను నేడు ప్రవేశించుచున్నది. యంత్రము కొన్నవానిది, ధనము కొన్నవానిది. ఆ యంత్రము మాటలాడు భాష మాత్రము అమ్మినవానిది. ఈ విషయమును పాఠకుల ముందుంచుట మా విధియని తలచితిమి.

ఒక కంప్యూటరునుండి బయలుదేరిన సమాచారము చిన్న చిన్న పాకెట్టులుగా విడివడి పోవును. పలు దారులు కలియు కూడలియందు ఏ పాకెట్టును ఏ దారిని పంపవలెనో నిర్ణయించు యంత్రమునకు రౌటరని పేరు. ప్రతి రౌటరును తానెఱిగిన దారులను ప్రక్క రౌటరునకు తెలుపును. దారి తెగినచో ఆ వార్తయు తెలుపును. ఇట్లు పరస్పరము తెలుపుకొను మర్యాదయే రౌటింగు ప్రోటోకాలు. ఆ మర్యాద బహిరంగముగా ప్రకటితమైనచో ఎవ్వరు చేసిన రౌటరైనను ఎవ్వరి రౌటరుతోనైనను మాటలాడగలదు. ఒక కంపెనీ దానిని తన సొత్తుగా నుంచుకొన్నచో ఆ కంపెనీ యంత్రములు తమలో తాము మాత్రమే మాటలాడుకొనును.

చరిత్రను చూతము. తొలినాళ్లలో విరివిగా వాడుకలో నుండిన రిప్ అను ప్రోటోకాలు 15 మజిలీలకు మించిన దారిని చేరరానిదిగా నెంచెడిది. పెద్ద నెట్‌వర్కులకు అది చాలలేదు. 1980ల నడుమ అమెరికాలోని సిస్కో కంపెనీ ఐ. జి. ఆర్. పి. అను సొంత ప్రోటోకాలును, 1990ల తొలినాళ్లలో దానిని మెఱుగుపఱచి ఇ. ఐ. జి. ఆర్. పి. అను దానిని నిర్మించినది. న్యాయము చెప్పవలెనన్న, ఇది తెలివైన నిర్మాణమే. ఉత్తమమైన దారితోపాటు సుడి తిరుగుటకు తావులేని మఱియొక దారి యున్నచో దానిని ముందే గుర్తుంచుకొని, మొదటిది తెగినంతనే రెండవదానిని పట్టుకొనును. సొంత భాషలన్నియు మోసమునకే పుట్టినవని మేము చెప్పజాలము. అవసరము ముందు వచ్చును. అందఱి సమ్మతి ఆలస్యముగా వచ్చును.

ఐనను ఆ సమ్మతియు వచ్చినది. 1986లో ఏర్పడిన ఇంటర్నెట్ ఇంజనీరింగు టాస్క్ ఫోర్సు ఆధ్వర్యమున ఓ. ఎస్. పి. ఎఫ్. అను బహిరంగ ప్రోటోకాలు 1989లో వెలువడెను. డచ్చి గణితజ్ఞుడు డైక్‌స్ట్రా 1959లో ప్రకటించిన సమీపమార్గ గణనము దానికి పునాది. ఆ 1989లోనే సిస్కోకు చెందిన కర్క్ లాహీడును, ఐ. బి. ఎం.కు చెందిన యాకవ్ రెక్టరును భోజనపు బల్లమీది కాగితపు రుమాళ్లపై రూపు గీసిన బి. జి. పి. నేడు ప్రపంచమందలి పెద్ద నెట్‌వర్కులనెల్ల ఒక్కటిగా కలుపుచున్నది. అది ఏ ఒక్క కంపెనీ రహస్యమైయున్నను ఇంటర్నెట్ నేడున్నట్లు ఒక్కటిగా నుండెడిదా? సొంత భాషను దాచుకొన్న కంపెనీయే ఉమ్మడి భాషకును చేయూత నిచ్చినదను మాట మఱువరాదు.

ఇక కొన్నవాని కష్టము. ఒక సంస్థ సొంత భాష మాటలాడు రౌటరులను కొన్నదనుకొందము. కొన్నేండ్లకు మఱికొన్ని కావలసివచ్చును. టెండరు పిలిచినచో వేఱొక కంపెనీ తక్కువ ధర చెప్పును. కాని దాని యంత్రమునకు పాతవాని భాష రాదు. నడుమ దుబాసివలె ఒక రౌటరు నుంచి దారులను తర్జుమా చేయవచ్చును. అట్టి దుబాసులు రెండు చోట్ల నున్నచో, ఒకచోట వెడలిన వార్త మఱియొకచోట కొత్తవార్తయై మరల ప్రవేశించి పాకెట్టులు గానుగెద్దువలె తిరుగు ప్రమాదము గలదు. ఇంత బాధ పడలేక అధికారి పాత కంపెనీకే ఉత్తరువు వ్రాయును. టెండరు పేరునకు మాత్రమే మిగులును.

2013లో సిస్కో తన ప్రోటోకాలును బహిరంగము చేయుదునని ప్రకటించెను. 2016లో అది ఆర్. ఎఫ్. సి. 7868గా అచ్చైనది. సంతోషము. కాని అది సమాచారార్థము ప్రకటింపబడిన పత్రమేగాని అంగీకృత ప్రమాణము కాదు. అప్పటికి రెండు దశాబ్దములు గడచినవి. ఉద్యోగుల చదువు, అలవాటు, సంస్థల సొమ్ము అన్నియు ఒక దారిని పడియుండెను.

బహిరంగమన్న మాత్రమున పొత్తు కుదురుననుకొనుటయు పొరపాటే. ఓ. ఎస్. పి. ఎఫ్. మాటలాడు రెండు రౌటరులు తాము స్వీకరింపగల పాకెట్టు పరిమాణమును భిన్నముగా చెప్పుకొన్నచో పరిచయము పూర్తికాక నడుమనే నిలిచిపోవును. కావుననే 1988లో అమెరికాలో ఆరంభమైన ఇంటరాప్ ప్రదర్శనలలో వేర్వేఱు కంపెనీలు తమ యంత్రములను ఒకే నెట్‌వర్కునకు తగిలించి పదుగురి యెదుట పరీక్షకు నిలిచినవి. ప్రమాణపత్రము జాతకము వంటిది; కాపురము వేఱు.

కావున ప్రజాధనముతోగాని సొంత ధనముతోగాని నెట్‌వర్కు కట్టువారికి మేము చెప్పు మాట లివి. టెండరులో బహిరంగ ప్రమాణమును దాని సంఖ్యతో సహా పేర్కొనుడు. సొమ్ము చెల్లింపకముందే వేఱొక కంపెనీ యంత్రముతో కలిపి పరీక్షింపుడు. సొంత భాషలో చిక్కుకొన్నవారు బెదరవలదు: పాతదానిని నడువనిచ్చుచునే కొత్తదానిని తక్కువ ప్రాధాన్యముతో ప్రక్కన నిలిపి, దారుల పట్టికలు సరిపోయినవని నిశ్చయించుకొని, పిదప పాతదానిని తొలగింపవచ్చును. ఇందుకు ఓర్పు కావలెనుగాని అద్భుతము అక్కఱలేదు.

మంచి సరకు అమ్మి లాభము పొందుటను మేమాక్షేపింపము. కొన్నవాడు రేపు మఱియొక అంగడికి పోగల దారిని మూసివేయుటనే ఆక్షేపింతుము. లెక్క మనదైనప్పుడు వ్రాతయు మనము చదువగలిగినదై యుండవలెను.